తడవని ముక్క

పిచ్చమ్మకు మబ్బంటే గిట్టదు. ఉప్పు కొటార్లలో పుట్టి, ఉప్పు కొటార్లలోకే కాపురానికొచ్చిన మనిషి మబ్బును చూసి మురిసిపోవాలని ఎవరూ అనరు గాని, ఈ వేసవిలో ఆవిడ వైరం మరీ ముదిరింది. సముద్రం మీద అరచేతి మేర నల్లన కనపడితే చాలు, చేతిలో పార అక్కడే పడేసి ఇంటి దారి పట్టేది. పాళెంలో మిగతా ఆడవాళ్ళు ఉప్పు కుప్పల మీద పట్టలు కప్పడానికి పరుగెత్తుతుంటే, పిచ్చమ్మ కోడలి కాలికి పట్ట చుట్టడానికి పరుగెత్తేది.

పట్టంటే కుప్పల మీద కప్పే నీలం టార్పాలినే. అందులో చిరిగిన అంచునొకదాన్ని మేస్త్రి హజరత్తయ్యను అడిగి తెచ్చుకుంది. గంగాభవాని కుడికాలికి మోకాలి దగ్గర్నించి మడమ దాకా రెండు చుట్లు చుట్టి, పైనా కిందా వల దారంతో బిగించేది. బిగించాక వేలు దూర్చి చూసేది, సందు ఉంటే విప్పి మళ్ళీ కట్టేది. మంచం మీద కూర్చున్న గంగాభవాని మొదట్లో గొడవ పడింది, తర్వాత నవ్వింది, ఆ తర్వాత రెండూ మానేసింది.

"పిచ్చమ్మక్క ఇంటి కుప్ప కప్పేసింది. ఇంక వాన రావచ్చు" అని హజరత్తయ్య కొటారంతా వినపడేలా అరిచేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. పిచ్చమ్మ వాళ్ళ వంక చూసేది కూడా కాదు.

ఆ మంగళవారం కూడా అదే జరిగింది. మధ్యాహ్నం తూర్పున నల్లబడింది. పిచ్చమ్మ వచ్చి పట్ట చుట్టింది. గంట తర్వాత మబ్బు ఎటో కొట్టుకుపోయి, రోహిణి కార్తె ఎండ మళ్ళీ రేకుల మీద పడింది. పట్ట లోపల కాలు ఉడికిపోతోంది. గంగాభవాని పమిట చెంగుతో మెడ తుడుచుకుని, "అత్తా, ఈ కాలు మీద నీళ్ళు పడి ఎన్నాళ్ళయిందో ఎరికేనా నీకు?" అంది.

"తడిగుడ్డతో తుడస్తానే ఉండా గదా."

"తొడ దాకా తుడస్తావు. కింద యాడ తుడిచినావు? పొడిగుడ్డతో రుద్దతావు. ఇత్తడి చెంబును తోమినట్టు."

కోడలు స్నానం చేసేటప్పుడు కూడా కుడికాలు స్టూలు మీద పెట్టించి, దానికి పట్ట చుట్టి, చెంబుతో తానే పోసేది. పోస్తున్నంత సేపూ ఆవిడ కళ్ళు ఆ పట్ట మీదే ఉండేవి. మరుగుదొడ్డికి పోవాలంటే చంకల్లో కర్రలు పెట్టుకుని, కుడికాలు గాల్లో ఉంచి, ఎడమకాలితో గెంతుతూ పోవాలి. కుడి మడమ నేలకు తగిలితే వెనకనుంచి కేక పడేది.

కాలు చూస్తే బాగానే ఉంది. మోకాలి కింద ముందు భాగంలో జానెడు పొడుగున కుట్ల మచ్చ ఉంది గాని, అది ఎప్పుడో ఆరి తెల్లబడింది. కిందటేడు జూన్లో ఉప్పు బస్తాల ట్రక్కు వెనక్కొచ్చి ఈ కాలి మీదే ఎక్కింది. ముంగాలి ఎముకలో నాలుగు వేళ్ళ మేర నుగ్గునుగ్గయింది. నెల్లూరు ఆస్పత్రిలో టైటస్ డాక్టరు గారు రెండు దారులు చెప్పారు. మోకాలి కింద తీసెయ్యడం ఒకటి. మిషన్ మీద ఎముక ముక్కను ముద్రేసి, పోయిన చోట పెట్టి చూడటం రెండోది. నిలబడితే నిలబడుతుంది, లేదంటే మొదటి దారే అన్నారు.

పిచ్చమ్మ రెండో దానికే తలూపింది. ఆ పక్క శ్రీహరికోటలో రాకెట్టు లేస్తే ఈ పక్క వీళ్ళ ఇంటి రేకులు గడగడలాడతాయి. అంతదాన్ని ఆకాశంలోకి పంపే కాలంలో నాలుగు వేళ్ళ ఎముక చెయ్యలేరా అని ఆవిడ ధైర్యం.

ఇల్లు సద్దుమణిగాక పిచ్చమ్మ పొయ్యి పైనున్న అటక మీంచి ఒక డబ్బా దించింది. మూత తీసి, లోపలి గుడ్డ విప్పింది. తెల్లటి ముక్క ఒకటి, నాలుగు వేళ్ళ పొడుగుది, ఒళ్ళంతా సన్నటి గళ్ళతో ఉంది. ఆస్పత్రిలో మిషన్ దగ్గర పనిచేసే ప్రత్యూష అనే ఇంజనీరమ్మాయి ఇచ్చింది. మొదట ముద్రేసిన దానికి ఒక మూల పెళ్ళు ఊడిందని పక్కన పెట్టి, రెండోది చేసి కాల్లో పెట్టారు. ఊడినదాన్ని పిచ్చమ్మ అడిగి తెచ్చుకుంది.

మిషన్ పనిచేస్తుంటే ఆవిడ కళ్ళారా చూసింది. జంతికల గొట్టంలోంచి వచ్చినట్టు తెల్లటి పిండి సన్నటి దారంలా జారుతూ, అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస పేర్చుకుంటూ పోయింది. గంగాభవాని మంచి కాలి కొలతలు తీసి, అద్దంలో చూసినట్టు తిరగేసి చేశామని ఆ పిల్ల చెప్పింది. అంతా విని, ముక్క చేతిలోకి రాగానే పిచ్చమ్మ చేసిన మొదటి పని దాన్ని నాలుక్కి తాకించడం. కొటార్లలో ఏ తెల్లటి వస్తువైనా నాలుకతోనే తెలుసుకుంటారు. ఇది ఉప్పగా లేదు, చప్పగా ఉంది. కాని నాలుక్కి అంటుకుపోయింది. లాగితే చర్మం కొంచెం పట్టుకుని మరీ వచ్చింది. తడిని పీల్చే వస్తువని పిచ్చమ్మకు అప్పుడే అర్థమైంది. తడిని పీల్చేది చివరికి ఏమవుతుందో ఉప్పు మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు.

అయినా అప్పుడు అంత భయం లేదు. భయం పట్టుకుంది మొన్న మార్చిలో. చూపించుకోను పోయినప్పుడు, గంగాభవాని ఇంకా ఎక్స్ రే గదిలోనే ఉంది. డాక్టరు గారు కంప్యూటరులో ఫోటో చూసి, గుమ్మంలో పదిమంది తోసుకుంటుంటే నిలబడి ఉన్న పిచ్చమ్మతో గబగబా ఏవో చెప్పారు. అందులో ఒక్క మాట మాత్రం స్పష్టంగా చెవిన పడింది. "మేం పెట్టింది నిదానంగా కరిగిపోతుంది పెద్దమ్మా" అన్నారు. ఆ తర్వాత ఆయన పెదాలు కదలడం కనపడింది గాని మాట వినపడలేదు. చీటీ మీద రాసిచ్చిందంతా ఇంగ్లీషు.

కరిగిపోతుంది. యాభై ఏళ్ళుగా పిచ్చమ్మ ప్రాణాలు ఉగ్గబట్టుకుని బతికింది ఆ మాట కిందే. రాత్రికి రాత్రి వానపడి, ఆరునెలల కష్టం తెల్లారేసరికి కాలవల్లో తెల్లటి నురగయి పోవడం ఆవిడ ఎన్నిసార్లు చూసిందో. ఆ మాటను గంగకు చెప్పలేదు. రొయ్యల గుంటల దగ్గర కాపలా పనిలో ఉండి ఆదివారాలు మాత్రమే ఇంటికొచ్చే కొడుకు పెంచల్‌కూ చెప్పలేదు. కడుపులో దాచుకుని, టార్పాలిన్ తెచ్చుకుంది.

శుక్రవారం మళ్ళీ ఆస్పత్రికి పోవాలి. ముక్క నిలిచిందో లేదో ఆ రోజు తేలుతుంది. ఇంకో మూడు రోజులు ఈ కాలిని తడవకుండా కాపాడితే చాలనుకుంది పిచ్చమ్మ. డబ్బా మూత బిగించి అటక మీద పెట్టింది.

మర్నాడు మబ్బు తూర్పునుంచి రాలేదు. పడమర నుంచి వచ్చింది. సముద్రం వైపే కాపలా కాస్తున్న పిచ్చమ్మ వెనక్కి తిరిగి చూసేసరికి పొలాల మీదుగా దుమ్ము లేచి కొటారు అంచుదాకా వచ్చేసింది. ఆవిడ అప్పుడు చివరి మడిలో, ఇంటికి అరమైలు దూరంలో, చెక్కపారతో ఉప్పు గట్టు మీదికి లాగుతోంది. హజరత్తయ్య నోట్లో వేళ్ళు పెట్టి ఈల వేశాడు. జనం కుప్పలకు అడ్డం పడ్డారు.

పిచ్చమ్మ పరుగెత్తింది. అరవై దాటిన మనిషి, మడుల మధ్య జానెడు వెడల్పు గట్టు మీద, చీర దోపుకుని పరుగెత్తింది. మొదటి చినుకులు లావుగా, దూరం దూరంగా పడ్డాయి. సగం దారిలో ఉండగానే వాన ఒక్కసారిగా దించేసింది. ముందు నాలుగడుగుల దూరం కనపడటం లేదు. మడుల్లో ఆరిన ఉప్పు మీద వాన పడి చిటపటలాడుతున్న చప్పుడు మాత్రం ఆవిడకు బాగా తెలిసిన చప్పుడు. ఆ చప్పుడు వింటే ఎప్పుడూ ఏడుపొచ్చేది. ఇవాళ దాన్ని పట్టించుకోలేదు. పట్ట చుట్టలేదు, పట్ట చుట్టలేదు అని గొణుక్కుంటూ పోయింది.

ఇంటి వెనక గట్టు మీద వాళ్ళ వాటా కుప్ప ఉంది. నిలువెత్తు కుప్ప. దాని పక్కన ఎవరో నిలబడి గాలికి ఎగిరిపోతున్న టార్పాలిన్ కొసను రెండు చేతులా పట్టుకుని లాగుతున్నారు. ఎవరో పుణ్యాత్మురాలు సాయానికి వచ్చిందనుకుంది పిచ్చమ్మ. ఇంకొంచెం దగ్గరికి పోయాక చంకకర్రలు రెండూ బురదలో పడి ఉండటం కనపడింది.

గంగాభవాని రెండు కాళ్ళ మీదా నిలబడి ఉంది. కుప్ప అడుగునుంచి కరిగి వస్తున్న తెల్లటి నీళ్ళు ఆమె పిక్కల దాకా పారుతున్నాయి. టార్పాలిన్ మధ్యలో చినిగిన చోట ఒక నీలం పీలిక కప్పి, దానిమీద రాయి పెట్టి ఉంది. అది ఆమె కాలికి చుట్టే పీలిక. అదే తీసి ఉప్పుకు కప్పింది.

గంగాభవాని వానలోంచి, "ఆ పక్క కొస పట్టుకో అత్తా" అని కేకేసింది. పిచ్చమ్మ పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో ఆవిడకే తెలియదు. చేతులకు అలవాటైన పని చేతులు చేసుకుపోయాయి. రాళ్ళు పెట్టి, తాళ్ళు బిగించి, కోడలిని భుజం మీద ఆనించుకుని ఇంట్లోకి తెచ్చి మంచం మీద పడేశాక అప్పుడు నోరు లేచింది.

"నా నెత్తిన మట్టి పోసినావు గదమ్మే. ఎంత కాపలా కాసినాను. ఒక్క పూటలో పోగొట్టినావు గదా."

"ఏం పోయింది అత్తా? ఉప్పు నిలిచింది. నా కాలూ నిలిచింది. నొప్పి కూడా లేదు, చూడు."

పిచ్చమ్మ చూడలేదు, వినలేదు. దొరికిన గుడ్డలన్నీ తెచ్చి కాలు తుడిచింది. పొడిగుడ్డ, దానిమీద ఇంకో పొడిగుడ్డ. పొయ్యి రాజేసి, ఊక వేయించి, మూట కట్టి, మోకాలి నుంచి కిందికి కాపడం పెట్టింది. తడి లోపలికి దిగిందేమో, దిగినా పైకి లాగెయ్యాలని ఆవిడ ఆరాటం. బయట అంత చల్లటి వాన పడుతుంటే, లోపల గంగాభవాని ఊక మూట వేడికి చెమటలు కక్కుకుంటూ కూర్చుంది.

కాసేపటికి ఆమె అత్త చెయ్యి పట్టుకుని ఆపింది. "ఏంది నీ భయం? నాకు చెప్పగూడదా?" అని మెల్లిగా అడిగింది.

మాట పిచ్చమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పి ఉంటే ఆ రోజే సగం భారం దిగేది. కాని పిచ్చమ్మ ఆ రకం మనిషి కాదు. దుఃఖాన్ని పంచితే తరుగుతుందని ఆవిడ ఏనాడూ నమ్మలేదు. అవతలి వాళ్ళకూ అంటుతుందని నమ్మింది. "గమ్మునుండు" అని ఊక మూట మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.

గురువారం తెల్లారేసరికి ఆకాశం కడిగినట్టుంది. కొటారు మాత్రం పాడైంది. మడులన్నీ వాన నీళ్ళతో నిండి, తొక్కి గట్టిపరచిన అడుగు మట్టి మెత్తబడిపోయింది. నీళ్ళు తోడేసి మళ్ళీ మొదటినుంచి తొక్కాలి. ఆడవాళ్ళంతా వానను తిట్టుకుంటూ పనిలోకి దిగారు. పిచ్చమ్మ దిగలేదు. వల దారం తీసుకుని కోడలి కాళ్ళు కొలుస్తూ కూర్చుంది.

ఎడమకాలు మోకాలి చిప్ప నుంచి చీలమండ దాకా కొలిచి ముడి వేసింది. అదే దారం కుడికాలికి పెట్టింది. ముడి సరిగ్గా చీలమండ మీదే పడింది. మూడుసార్లు పెట్టి చూసింది. మూడుసార్లూ అంతే. ఇంకొకరైతే ఊపిరి పీల్చుకునేవాళ్ళు. కాని తడిసిన ఉప్పు కుప్ప సంగతి పిచ్చమ్మకు తెలుసు. పైన పెచ్చు గట్టిగా నిలబడే ఉంటుంది. ఎత్తు తగ్గదు, చుట్టుకొలత తగ్గదు. నాలుగు రోజులయ్యాక ఎవరైనా పార వేస్తే లోపలంతా గుల్ల. దారం చుట్టి పక్కన పెట్టేసి, ఆ పూట అన్నం తినలేదు.

శుక్రవారం పొద్దున్నే షేరాటోలో రోడ్డు మీదికొచ్చి నెల్లూరు బస్సెక్కారు. గంగాభవానికి కిటికీ పక్క చోటు దొరికింది. చాలాకాలానికి ఇల్లు దాటిన సంబరంలో దారిపొడుగునా కనపడినవన్నీ చెపుతూనే ఉంది. పిచ్చమ్మ ఊ కొడుతోంది. చీర కుచ్చెళ్ళ పక్కన రొండిలో డబ్బా గట్టిగా దోపుకుని, పైన చెయ్యి వేసి కూర్చుంది. వెంకటాచలం దాటాక ఆస్పత్రి ఇంకెంతో దూరం లేదని గుర్తొచ్చింది. డాక్టరు అడిగితే వాన సంగతి చెప్పాలా వద్దా అని అక్కడి నుంచి ఆలోచన. కోడలి తప్పని చెప్పడానికి మనసు రాలేదు. తాను పడమటి వైపు చూడకపోవడం తన తప్పే గదా అనుకుంది.

ఎక్స్ రే తీశారు. డాక్టరు గారి గదిలో ఇద్దర్నీ కూర్చోబెట్టారు. టైటస్ గారు యాభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తుడు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని కంప్యూటరు దగ్గరికి వంగారు. తెర మీద మార్చి ఫోటో ఒక పక్క, ఇవాళ్టిది ఒక పక్క వచ్చాయి. మార్చి ఫోటో పిచ్చమ్మ కళ్ళలో అలాగే ఉంది. అందులో ముక్క తళతళలాడుతోంది, గళ్ళు గళ్ళుగా, వల ముక్క పెట్టినట్టు. ఇవాళ్టి దాంట్లో వల లేదు. ఎముక పక్కన ఇనుప పట్టీ ఉంది, మేకులున్నాయి. నడుమ ఆ నాలుగు వేళ్ళ చోట మసక మసకగా, మబ్బు పట్టినట్టు ఉంది.

డాక్టరు గారు ఇంకా దగ్గరికి వంగారు. ఫోను తీసి, "ప్రత్యూషా, ఒకసారి కిందికి రామ్మా, చూడాలి నువ్వు" అన్నారు. గంగాభవాని తెరనూ, డాక్టరు మొహాన్నీ మార్చి మార్చి చూస్తోంది.

ప్రత్యూష లోపలికొచ్చేసరికి పిచ్చమ్మ లేచి నిలబడి ఉంది. రొండిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. మూత తియ్యబోతే వేళ్ళు జారాయి. పళ్ళతో లాగి తీసింది.

"బుధవారం తడిసింది సార్. బిడ్డ తప్పేం లేదు, నేనే యామారినా. అది కరిగిపొయ్యింది, నాకు తెల్సు. ఇది దాని జతదే. పదకొండు నెల్లుగా పొయ్యి మీద ఆరబెట్టి ఉంచినా. ఒక్క చుక్క పడనీలేదు. ఇది పెట్టండి సార్. కాలు మాత్రం తియ్యొద్దు."

డాక్టరు గారికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. ప్రత్యూష డబ్బాలోకి తొంగిచూసి, ఊడిన మూలను గుర్తుపట్టింది. తాను ఎప్పుడో పారేద్దామనుకున్న ముక్క. గుడ్డలో, ఆ గుడ్డ చుట్టూ ఇంకో గుడ్డలో, పొగ వాసనతో ఉంది. ఆ పిల్ల పిచ్చమ్మ మొహం చూసింది, డాక్టరు వైపు తిరిగి, "మనం కరిగిపోతుందన్నాం సార్. వీళ్ళది ఉప్పు కొటారు" అంది.

డాక్టరు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కుర్చీ పిచ్చమ్మ వైపు లాక్కుని, ఆవిడను కూర్చోమని, తానూ మోకాళ్ళు ఎదురెదురుగా వచ్చేలా కూర్చున్నారు.

"కరగాలనే పెట్టినాం పెద్దమ్మా. ఇంటికి శ్లాబు పోస్తారు కదా, కింద సెంట్రింగు చెక్కలు పెడతారు. శ్లాబు గట్టిపడినాక ఆ చెక్కలు తీసెయ్యరా? తీస్తే ఇల్లు కూలిందనుకుంటామా? మేం పెట్టింది సెంట్రింగు. దాని గళ్ళల్లోకి మీ కోడలి ఎముకే వచ్చి అల్లుకుంది. అది వచ్చే కొద్దీ మాది తప్పుకుంటా ఉంది. మీకు మబ్బుగా కనపడతా ఉందే, అదంతా ఆ అమ్మాయి సొంత ఎముక. ఇంత బాగా వస్తుందని నేనే అనుకోలేదు. అందుకే ప్రత్యూషను పిలిచినా."

పిచ్చమ్మ తెర వైపు చూసింది. అక్కడ ఏమీ మారలేదు. అదే మబ్బు.

"మరి తడిసింది గదా సార్" అంది. ఆవిడ భయం ఇంకా అక్కడే ఆగి ఉంది.

ప్రత్యూష బల్ల మీది నీళ్ళ సీసా అందుకుని, మూత తిప్పి, డబ్బాలోని ముక్క మీద పోసింది. పిచ్చమ్మ చెయ్యి చటుక్కున అడ్డం వచ్చి, ఆలస్యమై, గాల్లోనే నిలిచిపోయింది. ముక్క నీళ్ళు తాగింది. నాలుగు బుడగలు పైకొచ్చాయి. తర్వాత ఏమీ కాలేదు. నీళ్ళలో తెల్లగా, గట్టిగా, గళ్ళన్నీ కనపడుతూ అలాగే కూర్చుంది. ఒంట్లో రక్తమూ కండా దాన్ని నెలల తరబడి కొంచెం కొంచెంగా తినేస్తాయే గాని, వాన నీళ్ళు దాన్నేం చెయ్యలేవని ఆ పిల్ల చెప్పింది. పిచ్చమ్మ వేలు ముంచి ముక్కను తడిమింది. వేలు తీసి నాలుక్కి రాసుకుంది. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. రుచి ఏమీ మారలేదు.

అప్పుడు నమ్మింది. పమిట నోటికడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడ్చింది. కాలి మీద ట్రక్కు ఎక్కిన రోజున కూడా అంత ఏడవలేదు.

డాక్టరు గారు గంగాభవాని కాలు పట్టుకుని చూస్తూ, పిక్క బాగా సన్నబడిందన్నారు. రోజుకు ఎంత దూరం నడుస్తున్నావని అడిగారు. గంగాభవాని బిత్తరపోయింది. నడవడమా, మోపనే కూడదన్నారు కదా అంది.

"మార్చిలోనే చెప్పినానే, కొంచెం కొంచెం మోపమని? బరువు పడితేనే ఎముక గట్టిపడేది."

ముగ్గురూ పిచ్చమ్మ వైపు చూశారు. రెండు నెలలకు పైగా మంచం, పట్ట, ఎండాకాలం, గాల్లో వేలాడిన కాలు, అన్నీ ఆ గదిలోకి వచ్చి నిలబడ్డాయి. పిచ్చమ్మ తల వంచుకుంది. డాక్టరు గారే మొదట తేరుకుని, గుమ్మంలో నిలబెట్టి చెప్పే మాట కాదమ్మా అది, కూర్చోబెట్టి చెప్పాల్సింది, తప్పు నాది కూడా అన్నారు. ఎడమచేతిలో ఒక్క కర్రతో నడవమని, బరువులు మొయ్యొద్దని, రెండు నెలలకు మళ్ళీ రమ్మని, ఈసారి చీటీని తెలుగులో రాసిచ్చారు.

వరండాలో బల్ల మీద అత్తాకోడళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. పిచ్చమ్మ తిట్టు కోసం ఎదురుచూస్తోంది. పడితే పడాలనే ఉంది. గంగాభవాని తన కాలినే చూసుకుంటూ, "ఆ మాట నాకు అప్పుడే చెప్పి ఉంటే నేను లోపలికి పొయ్యి అడిగేదాన్ని గదత్తా" అంది.

"నువ్వు బయపడతావని."

"అందుకని నువ్వొక్కదానివే బయపడినావా? ఇన్నాళ్ళు?"

పిచ్చమ్మ తలూపింది. గంగాభవానికి కోపం రావలసిన చోటే వచ్చింది. ఈ రెండు నెలలూ తాను నిద్రపోతుంటే కాలి మీద చెయ్యి వేసి తడి ఉందేమోనని తడిమిన ముసలామె గుర్తొచ్చి, ఆ కోపం ఎటు పోవాలో తెలియక నవ్వుగా తిరిగింది. "ఇంటికి పోంగానే నేను నీళ్ళు పోసుకోవాల. కాలికి కూడా" అంది.

ఇంటికి రాగానే పిచ్చమ్మ బిందెడు మంచినీళ్ళు తెచ్చింది. తెల్లవారు జామున ట్యాంకరు దగ్గర పట్టుకున్న నీళ్ళు, వంటకు దాచుకున్నవి. స్టూలు తెచ్చిందే గాని, ఈసారి దాని మీద కోడలిని కూర్చోబెట్టి, కాలు కింద పెట్టించింది. మొదటి చెంబు పోయడానికి ఎత్తి, కొంచెంసేపు అలాగే పట్టుకుంది. చెంబు ఖాళీ అయ్యాక మోకాలి కిందనుంచి మట్టి, పొక్కులు, ఎన్నాళ్ళదో పాత చర్మం రాలి నల్లటి నీళ్ళు పారాయి. గంగాభవాని కళ్ళు మూసుకుని, అబ్బా అంది. "ఇంకో చెంబు" అంది. పిచ్చమ్మ బిందె అడుగంటేదాకా పోసింది.

శనివారం పొద్దున కొటారులో మడులు తొక్కుతున్నారు. నీళ్ళు తోడేసిన మడిలో ఆడవాళ్ళు వరసగా, భుజం మీద చెయ్యేసుకుని, అడుగులో అడుగు వేస్తూ అడుగు మట్టిని అణగదొక్కుతున్నారు. గంగాభవాని కర్రతో గట్టుదాకా నడిచొచ్చింది. పని చెయ్యను, నాలుగడుగులు వేసి చూస్తానంది. పిచ్చమ్మ గట్టు దిగి చెయ్యందించింది. చల్లటి మెత్తటి మట్టిలో గంగాభవాని పాదాలు దిగాయి.

నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి చూసుకుంటే ఎడమ అడుగులన్నీ మడమ దాకా లోతుగా పడ్డాయి. కుడి అడుగులు మాత్రం వేళ్ళ గుర్తులే, పైపైన.

పిచ్చమ్మ వంగి కుడి అడుగులో వేలు పెట్టింది. గోరు కూడా మునగలేదు. "ఇది అడుగా? కోడి నడిచినట్టుండాది. మోపు" అంది.

"మోపతానే ఉండా గదా."

"మోపలేదు. నేను చెప్తుండా. మోపమ్మే."

గంగాభవాని అత్త భుజం పట్టుకుని, పెదవి కొరుక్కుని, కుడిపాదం మీద ఒళ్ళంతా వదిలింది. మడమ కసుక్కున దిగింది. ఇంకో అడుగు వేసింది. పిచ్చమ్మ వెనకే వంగి నడుస్తూ ఒక్కో గుంటలో వేలు పెట్టి చూస్తోంది. ఎడమ దాంట్లో రెండో కణుపు దాకా మునిగింది. కుడి దాంట్లో మొదటి కణుపు. తర్వాత దాంట్లో ఇంకొంచెం. ఆ తర్వాత దాంట్లో రెండో కణుపు దాకా, ఎడమ దాంతో సమానంగా మునిగింది. పిచ్చమ్మ అక్కడే కూర్చుండిపోయింది. వేలు బయటికి తియ్యబుద్ధి కాలేదు.

అవతలి గట్టు మీంచి హజరత్తయ్య కేక వేశాడు. "పిచ్చమ్మక్కా, పడమట మబ్బు లేస్తా ఉండాది. మీ ఇంటి కుప్ప కప్పుకోవా?"

ఆడవాళ్ళంతా నవ్వుతూ పడమటికి తిరిగారు. పిచ్చమ్మ తల కూడా ఎత్తలేదు.

"తడవనీ" అంది.